ఉమ్మడి నిద్ర

చిన్నమ్మ బాత్‌రూమ్ లోపల గడియ పెట్టుకుని మూడు గంటలు ఉండిపోయిన రోజున, ఇక ఆమెను ఇంట్లో చూసుకోవడం తన ఒక్కదాని వల్ల కాదని సుభాషిణి ఒప్పుకుంది.

రాజేంద్రనగర్‌లోని విత్తన పరీక్షల ల్యాబ్‌లో ట్రేలో మొలకలు లెక్కపెడుతుండగా పక్కింటివాళ్ళు ఫోన్ చేశారు. వారాసిగూడ చేరేసరికి తలుపు పగలగొట్టి ఉంది. చిన్నమ్మ తడి చీరతో మంచం అంచున కూర్చుని, తప్పు చేసిన పిల్లలా చూసింది.

"గడియ ఎట్ల తీస్తరో యాదికి రాలె బిడ్డా" అంది. "చెయ్యి దాని మీదనే ఉన్నది. ఏం చెయ్యాల్నో తెల్వలె."

చిన్నమ్మ పేరు భూలక్ష్మి. డెబ్భై నిండబోతున్నాయి. ముప్ఫై ఏళ్ళు అదే వీధిలో చీరలకు ఫాల్, పికో కుట్టే షాపు నడిపింది. సుభాషిణికి ఆరేళ్ళప్పుడు అమ్మ కామెర్లతో పోయింది. నాన్న మరో పెళ్ళి చేసుకుని సూరత్ వెళ్ళిపోయాడు. అమ్మ చెల్లెలైన భూలక్ష్మి పెళ్ళి మాట ఎత్తకుండా ఈ పిల్లను పెంచింది. మిషన్ బల్ల కింద కూర్చుని బాబిన్లకు దారం చుట్టే పిల్లకు "బాబిన్" అని పేరు పెట్టింది. ఆ పేరు వాళ్ళిద్దరి మధ్యే ఉండేది. నలుగురిలో మాత్రం సుభా అనే పిలిచేది. సుభాషిణి పెళ్ళి రెండేళ్ళే నిలిచింది. ఆ తర్వాత ఇరవై ఏళ్ళుగా ఇంట్లో ఇద్దరే ఉన్నారు.

సుభాషిణి మతిమరుపు వచ్చిన పెద్దవాళ్ళ కోసం నడిపే మూడు హోమ్‌లు చూసింది. కొంపల్లి దగ్గరి హోమ్ శుభ్రంగా ఉంది. కానీ పొద్దున పదకొండింటికే అందరూ కుర్చీల్లో తలలు వాల్చి ఉన్నారు. ఏం మందు ఇస్తారని అడిగితే మేనేజర్ తోట చూపించాడు. మియాపూర్‌లో రెండో హోమ్ ఓ అపార్ట్‌మెంట్ ఆరో అంతస్తులో ఉంది. అక్కడ ఒకామె సుభాషిణి చెయ్యి పట్టుకుని, తనను ఇంటికి తీసుకెళ్ళమని బతిమాలి, లిఫ్ట్ దాకా వెంట వచ్చింది. మూడోది వికారాబాద్ రోడ్డులో, ఊరి రద్దీ సద్దుమణిగే చోట ఉంది. దాని పేరు 'నెమరు'.

అక్కడ డాక్టర్ హైమవతి ఆమెను ఒక గాజు తలుపు దగ్గరకు తీసుకెళ్ళింది. మధ్యాహ్నం ఒకటిన్నర. లోపల ఆరు మంచాలు, తలలన్నీ మధ్యకు వచ్చేలా గుండ్రంగా వేసి ఉన్నాయి. ఆరుగురు ముసలివాళ్ళు పడుకుని ఉన్నారు. ఒక్కొక్కరి నుదుటి మీద రెండు వేళ్ళ వెడల్పున బూడిదరంగు పట్టీ ఉంది.

"చికిత్స అంటే ఇదే" అంది డాక్టర్.

"కలిసి పడుకోవడమా?"

"కలిసి పడుకోవడమే. నిద్రలో మెదడు ఆ రోజు జరిగినవీ పాతవీ మళ్ళీ ఒకసారి తిప్పుకుంటుంది. ఈ జబ్బులో తిప్పుకున్నది నిలవదు. అందుకని ఒకరిలో కూలిపోబోతున్న జ్ఞాపకాన్ని ఈ పట్టీ పట్టుకుని, మిగతా ఐదుగురిలో ఎక్కడ మెదడు ఇంకా గట్టిగా ఉందో అక్కడ దాస్తుంది. మర్నాడు నిద్రలో అక్కణ్ణించి తెచ్చి మళ్ళీ మీవాళ్ళకే అందిస్తుంది. రోజుకు రెండు గంటలు."

"అంటే వేరేవాళ్ళవి మా చిన్నమ్మ బుర్రలో ఉంటయా?"

"ఉంటాయి. కానీ మూటకట్టి ఉంటాయి. ఆవిడ విప్పి చూసుకోలేరు."

ఒక షరతు ఉందని కూడా చెప్పింది. గుంపు ఒకసారి కుదిరాక, మిగతా కుటుంబాలన్నీ సంతకం పెడితే తప్ప ఎవరినీ మధ్యలో తీసుకెళ్ళడానికి వీల్లేదు. ఒకరు వెళ్ళిపోతే వాళ్ళలో దాచిన మిగతావాళ్ళ మూటలు కూడా వెళ్ళిపోతాయి.

సుభాషిణి సంతకం పెట్టింది. జూన్ రెండోవారంలో చిన్నమ్మను చేర్చింది. తిరిగి వస్తూ మెట్రోలో కిటికీ పక్కన కూర్చున్నప్పుడు ఒళ్ళు తేలికైనట్టు అనిపించింది. అలా అనిపించినందుకు ఇల్లు చేరేదాకా తనను తాను తిట్టుకుంది.

*

ఆగస్టు నాటికి చిన్నమ్మ మారిపోయింది. బ్లౌజు హుక్కులు తనే పెట్టుకుంటోంది. ఒక ఆదివారం సుభాషిణి లోపలికి అడుగుపెట్టగానే, కట్టుకున్న చీరను పైనించి కిందికి చూసి నవ్వింది.

"ఎవడు కుట్టిండే బాబిన్ ఆ ఫాలు? ముడుతలు చూడు. నా పేరు ఖరాబు చేస్తున్నవ్."

సుభాషిణి నవ్వబోయి ఏడ్చింది. చిన్నమ్మ ఆమె తల ఒళ్ళోకి లాక్కుంది. నాలుగేళ్ళుగా లేని చెయ్యి అది.

గుంపులోని మిగతావాళ్ళు కూడా పరిచయమయ్యారు. వాళ్ళలో అందరికంటే ఆరోగ్యంగా కనిపించేది పేర్రాజు గారు. కాకినాడ చేపల రేవు దగ్గర ఐసు ఫ్యాక్టరీలో నలభై ఏళ్ళు పనిచేసి, భార్య పోయాక నిజాంపేటలో కొడుకు దగ్గరికి వచ్చిన మనిషి. "రండమ్మా, కూర్చోండి. ఎండన పడొచ్చారు" అంటూ వచ్చినవాళ్ళందరికీ కుర్చీ జరిపేవాడు. ఆయన పక్క మంచం సకీనా బేగంది. మలక్‌పేటలో నర్సుగా చేసి రిటైరైంది. ఆమెకు తెలుగు అర్థమయ్యేది కానీ ముక్కలు ముక్కలుగానే మాట్లాడేది. పేర్రాజు కొడుకు శ్రీకాంత్ ఒకప్పుడు ఆదివారాలు తండ్రి పక్కన కూర్చునేవాడు. అక్టోబరు నుంచి సకీనా బేగం పక్కన కూర్చోవడం సుభాషిణి గమనించింది. ఎందుకో అడగలేదు.

నవంబరులో ఒకరోజు చిన్నమ్మ కిటికీ దగ్గర కంగారుగా నిలబడి ఉంది.

"దిమ్మలు కరిగిపోతన్నాయండీ. ఊక ఇంకా రాలేదు. బోట్లొచ్చే టైమైంది."

"ఏం దిమ్మలు చిన్నమ్మా?"

చిన్నమ్మ ఆమె వైపు మర్యాదగా చూసింది. "మీరెవరి తాలూకండీ?"

మాట, యాస, చేతులు కట్టుకున్న తీరు ఏవీ ఆమెవి కావు. చిన్నమ్మ పుట్టి పెరిగింది సికింద్రాబాద్‌లో. సముద్రాన్ని ఆమె ఎప్పుడూ చూడలేదు.

అప్పుడు వెనకనుంచి ఎవరో పిలిచారు.

"బాబినూ. తిన్నవా బిడ్డా?"

పేర్రాజు మంచం మీద కూర్చుని ఆమెనే చూస్తున్నాడు. గొంతు మగగొంతు. కానీ 'తిన్నవా' అని చివర సాగదీయడం, అడుగుతూనే తల కొంచెం పక్కకు వంచడం, అచ్చం చిన్నమ్మే.

"మొఖం గట్ల గుంజుకపోయింది. పొద్దుగాల చాయ్ తాగి ఉరికినవ్ గదా. సద్దిడబ్బ మర్సిపోయినవా?"

సుభాషిణి ఆయన దగ్గరకు నడిచింది. రెండు అడుగుల దూరంలో ఆగిపోయింది. తనకేమీ కాని ఒక పెద్దాయన, పండిన మీసాలు, పంచె. ఆ కళ్ళు తనను చిన్నప్పణ్ణించీ ఎరుగును.

"తిన్న చిన్నమ్మా" అంది.

*

డాక్టర్ హైమవతి ఆమెను మానిటర్ గదిలోకి పిలిచింది. తెర మీద ఆరు వృత్తాలు, ఒక్కొక్క మనిషికీ ఒక రంగు. జూన్‌లో ప్రతి వృత్తమూ తన రంగుతో నిండి, అంచుల్లో మాత్రం మిగతా రంగుల చుక్కలతో ఉంది. డిసెంబరు తెరలో చిన్నమ్మ వృత్తం దాదాపు తెల్లగా ఉంది. అక్కడక్కడా పేర్రాజు పసుపు చుక్కలున్నాయి. పేర్రాజు వృత్తంలో మాత్రం ఖాళీ లేదు. అన్ని రంగులూ ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉన్నాయి. అందులో ఎక్కువ భాగం చిన్నమ్మ నీలం.

"తిరిగి అందించాలి కదా మేడం?"

"అందిస్తూనే ఉన్నాం. అక్కడ నిలవడం లేదు." డాక్టర్ కళ్ళజోడు తీసి చేతిలో పట్టుకుంది. "మీరు విత్తనాల ల్యాబ్‌లో చేస్తారు కదా. మంచి నేల దొరికాక మొక్క మళ్ళీ పాత నేలకు రావడం లేదు. మూటలు విప్పుకోలేరనుకున్నాను. ఆయన మెదడు గట్టిది. విప్పుకుంటోంది. నాలుగేళ్ళు కోతుల మీద చేశాం. కోతులు మాట్లాడవు కదా. ఒకదాని జ్ఞాపకం మరొకదానికి పోయిందని మాకెలా తెలుస్తుంది?"

"ఇప్పుడు ఆపేస్తే?"

"పట్టీ రోజూ తడుపుతుంటేనే అవి అక్కడ బతుకుతాయి. ఆపేస్తే పది రోజుల్లో ఎండిపోతాయి. ఆయనవి ఆయనకు మిగులుతాయి, కొన్ని. మీ చిన్నమ్మవి ఎక్కడా ఉండవు."

సుభాషిణి చాలాసేపు నీలం వైపే చూసింది.

"అయితే ఆపకండి" అంది.

ఆ తర్వాత ఆమె వారానికి రెండు రోజులు, బుధవారం, శనివారం, సెలవు పెట్టి మరీ రావడం మొదలుపెట్టింది. వచ్చి ముందు చిన్నమ్మ తల దువ్వి జడ వేసేది. చిన్నమ్మ "మీకెందుకండీ శ్రమ" అంటూ కూర్చునేది. తర్వాత పేర్రాజు మంచం పక్కకు కుర్చీ లాక్కునేది. ఒక నోటుపుస్తకం తెచ్చుకునేది. అందులో అడగాల్సినవి రాసుకుని వచ్చేది. అమ్మ నవ్వితే ఎలా ఉండేది? చనిపోయే ముందు ఏమంది? నాన్న వెళ్ళిన రోజు ఏ చొక్కా వేసుకున్నాడు? తనకు తెలియని తన బాల్యమంతా ఆ పెద్దాయన తలలో ఉంది. అది ఎన్నాళ్ళు ఉంటుందో ఎవరికీ తెలియదు.

పేర్రాజు చెప్పేవాడు. చెబుతున్నంతసేపూ ఆయన వేళ్ళు పంచె అంచును మిషన్ సూది కింద జరుపుతున్నట్టు జరిపేవి. చెప్పడం అయ్యాక తల పట్టుకుని మంచంలో ఒరిగిపోయేవాడు. ఒక్కోసారి లేచి, ఎవరి ఏడుపో ఏడ్చేవాడు. ఉర్దూలో కొడుకును పిలిచేవాడు. ఎప్పుడో రైలు కింద పడిన తమ్ముడి పేరు ఎత్తి గుండెలు బాదుకునేవాడు. ఆయనకు తమ్ముడే లేడని నర్సు చెప్పింది. సుభాషిణి అది విని, నోటుపుస్తకం మూసి, మళ్ళీ శనివారం తెరిచింది.

జనవరి మొదట్లో సకీనా బేగం న్యుమోనియాతో చనిపోయింది. ఆ మధ్యాహ్నం ఐదు మంచాలే గుండ్రంగా వేశారు.

*

సంక్రాంతి సెలవులు అయిన తర్వాతి బుధవారం సుభాషిణి ఒకే ఒక్క ప్రశ్నతో వచ్చింది. చాలా ఏళ్ళుగా మనసులో ఉన్నదే.

"చిన్నమ్మా, నాకు ఏడేండ్లప్పుడు నన్ను ఒక హాస్టల్‌కు తీస్కపోయినవ్. గుర్తుందా? బెంచి మీద కూసోబెట్టి, బిస్కెట్లు తెస్త అని పోయినవ్. మళ్ళ ఒట్టి చేతుల్తోనే ఒచ్చి, ఈ బడి మంచిగ లేదు పా అని ఇంటికి తీస్కొచ్చినవ్. ఎందుకు తీస్కపోయినవ్, ఎందుకు తీస్కొచ్చినవ్?"

పంచె అంచు మీద పేర్రాజు చేతివేళ్ళు ఆగిపోయాయి.

"అది అడగకు."

"చెప్పు చిన్నమ్మా. ఇంకెవ్వరు చెప్తరు నాకు?"

"సంబంధం వచ్చింది. జనగామ పిలగాడు. పిల్ల ఉంటే ఒద్దన్నరు." ఆయన ఊపిరి ఎగపోసుకున్నాడు. "అందుకే దింపిన నిన్ను. బిస్కెట్లు అని అబద్ధమే చెప్పిన. బస్సెక్కిన. కిటికీ పక్కన సీటు దొరికింది. ఏడ్పొస్తదనుకున్న. రాలె. హాయిగ అనిపించింది బాబినూ. ఒళ్ళంత తేలికైంది. మూడు స్టాపులు పోయినంక అదే భయమైంది. ఒక పిల్లను బెంచి మీద ఇడిసిపెట్టి ఇంత హాయిగ ఎట్లుంటి అని. దిగిన. బిస్కెట్ల కోసం దుకాణం దొర్కలె. ఉరికిన. నువ్వు గట్లనే కూసున్నవ్. కాళ్ళు ఊపుకుంట..."

ఆయన మొహం ఎడమవైపుకు లాగేసింది. కళ్ళు పైకి తిరిగాయి. మంచం ఇనుపకమ్మి మీద చెయ్యి టకటక కొట్టుకోసాగింది. సుభాషిణి అరిచింది. నర్సులు పరుగెత్తుకొచ్చి ఆయనను పక్కకు తిప్పారు. ఆరు నిమిషాలు ఫిట్స్ ఆగలేదు. అవతలి మంచం మీద చిన్నమ్మ కాళ్ళు కిందికి వేసి, సినిమా చూస్తున్నట్టు కుతూహలంగా చూస్తోంది.

గంటలో శ్రీకాంత్ వచ్చాడు. నలభై దాటిన మనిషి, బ్యాంకు ఐడీ కార్డు మెళ్ళోనే ఉంది. తండ్రి మంచం పక్కన పడి ఉన్న నోటుపుస్తకం తీసి ఒక పేజీ చదివాడు. కోప్పడతాడనుకుంది సుభాషిణి. అతను పుస్తకం మూసి ఆమె చేతికిచ్చాడు.

"రెండు నెలల నుంచి ఇది ఎన్నోసారో తెలుసాండీ?"

"తెలియదు."

"తొమ్మిదోసారి. మీరొచ్చిన రోజుల్లోనే ఏడు." అతను కుర్చీలో కూలబడ్డాడు. "మిమ్మల్ని అనట్లేదండి. నేనూ అదే చేశాను. మా నాన్న నన్ను 'చిన్నబ్బాయ్' అని పిలిచేవారు. అక్టోబరు నుంచి ఆ పిలుపు ఆయన నోట్లో లేదు. సకీనా బేగం గారి నోట్లో ఉంది. తెలుగు సరిగా రాని ఆవిడ, కాకినాడ యాసలో నన్ను పిలిచి, సైకిల్ మీద ఐసు ఫ్యాక్టరీకి తీసుకెళ్ళిన రోజు మొత్తం చెప్పేది. ఆవిడ ఒళ్ళు కాలిపోతున్నా నేను మాట్లాడిస్తూనే ఉన్నాను. ఆవిడ పోయింది. ఇప్పుడు మా నాన్న దగ్గర నాది ఏమీ లేదండి. ఆయన బుర్రలో మీరున్నారు, ఇంకో ముగ్గురున్నారు. నేను లేను."

శ్రీకాంత్ జేబులోంచి ఒక కాగితం తీశాడు.

"కనీసం ఆయన్ని నిద్రన్నా పోనిద్దామని. తీసుకెళ్ళిపోతానండి. మిగతా మూడు కుటుంబాలూ సంతకం పెట్టేశాయి. మీదొక్కటే ఉంది."

కాగితం ఆమె ముందు పెట్టాడు. ఆమె చదివింది. కలం తీసింది. క్యాప్ కూడా తీసింది.

"పది రోజుల్లో అన్నీ పోతాయన్నారు మేడం" అంది. "నేను ఉన్నానని తెలిసిన మనిషి ఈ లోకంలో ఈయనొక్కడేనండి."

"తెలుసండి."

"ఇంకొక్క నెల. నేనేమీ అడగను. ఊరికే వచ్చి కూర్చుంటా."

శ్రీకాంత్ ఆమె మొహంలోకి చూశాడు. ఇద్దరికీ తెలుసు, ఆమె అడుగుతుందని. అతను కాగితం మడిచి జేబులో పెట్టుకుని తండ్రి పాదాల దగ్గర కూర్చున్నాడు.

ఆ సాయంత్రం బయలుదేరే ముందు ఆమె చిన్నమ్మ దగ్గరికి వెళ్ళింది. మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, ఆమె రెండు చేతులూ పట్టుకుంది.

"చిన్నమ్మా. ఒక్కసారి చూడు నన్ను. ఎవరిని నేను?"

చిన్నమ్మ శ్రద్ధగా చూసింది. మొహం నిండా సాయం చేయాలన్న ఆరాటమే.

"మా ఇంటికి ఐసుకొచ్చేవారేమోనండి" అంది చివరికి. "నాకు సరిగ్గా గుర్తులేదు. ఏమనుకోకండేం."

*

సుభాషిణి మళ్ళీ శనివారం వచ్చింది. నోటుపుస్తకం తేలేదు. ఏమీ అడగకూడదని దారంతా అనుకుంటూ వచ్చింది. కానీ మెట్లెక్కుతున్నప్పుడే, ఇడిసిపెట్టి పోదామనుకున్న దానివి మళ్ళెందుకు పెళ్ళి చేసుకోలేదు చిన్నమ్మా అన్న మాట నోట్లో తయారుగా ఉంది.

పేర్రాజు ఆమెను వరండా చివరినుంచే చూశాడు. కర్ర వదిలేసి, గోడ పట్టుకుని, గబగబా గదిలోకి వెళ్ళాడు. ఆమె లోపలికి వెళ్ళేసరికి మంచానికీ గోడకూ మధ్య సందులో కూర్చుని రెండు చేతులతో చెవులు మూసుకుని ఉన్నాడు.

"చిన్నమ్మా" అంది.

ఆయన తల ఊపాడు, వద్దన్నట్టు.

"ఇయాల ఏమడగకు బిడ్డా. నీకు దండం పెడ్త. తలకాయ పగుల్తుంది. అన్ని ఏడ్పులు నాకే ఒస్తున్నయి. నీకు అన్ని ఇచ్చిన గదా. ఇంక నన్ను ఇడిసిపెట్టు."

చిన్నమ్మ జీవితంలో ఆమెను ఏదీ అడగలేదు. జ్వరమొచ్చినా మంచినీళ్ళు తనే లేచి తాగేది. సుభాషిణి గుమ్మం దాటి బయటికి వచ్చి, మెట్ల మీద కూర్చుని శ్రీకాంత్‌కు ఫోన్ చేసింది. అతను ఆఫీసు నుంచి వచ్చేదాకా అక్కడే కూర్చుంది. డాక్టర్ గదిలో, డాక్టర్ ఎదుట, సంతకం పెట్టింది. చెయ్యి వణకలేదు. వణికితే మంచిదేమో అనిపించింది.

సోమవారం పేర్రాజు పట్టీ తీసేశారు.

శ్రీకాంత్ మాట ఇచ్చాడు: ఈ పది రోజులూ ఎప్పుడైనా రావచ్చు, ఎంతసేపైనా కూర్చోవచ్చు. మూడు రోజులు ఆమె ల్యాబ్‌లో మొలకలు తప్పు లెక్కపెట్టింది. నాలుగో రోజు సాయంత్రం నిజాంపేట వెళ్ళింది. శ్రీకాంత్ భార్య తలుపు తీసి, మాట్లాడొద్దని సైగచేసింది. హాల్లో దివాన్ మీద పేర్రాజు పడుకుని ఉన్నాడు. నోరు కొంచెం తెరుచుకుని, చేతులు రెండు పక్కలా వదిలేసి, పసిపిల్లలు పడుకున్నట్టు పడుకున్నాడు. నుదుటి మీద పట్టీ ఉన్నచోట చర్మం తెల్లగా ఉంది.

"వచ్చిన దగ్గర్నుంచీ ఇలాగే పడుకుంటున్నారండి" అంది ఆమె మెల్లగా. "లేపమంటారా? మిమ్మల్ని గుర్తుపడతారు ఇంకా. పొద్దున బాబిన్ ఏదీ అని అడిగారు."

సుభాషిణి గోడ పక్కన కుర్చీలో కూర్చుంది. ఆయన ఛాతీ లేచి పడుతుంటే చూసింది. లోపల ఏదో ఇంకిపోతోంది. అది తనదే. ఇప్పుడు లేపితే ఒక మాట దొరుకుతుంది. రెండు దొరకొచ్చు.

టీ తెచ్చిచ్చారు. తాగింది. గ్లాసు చప్పుడు కాకుండా కింద పెట్టింది.

"లేపకండి" అని చెప్పి వచ్చేసింది. మళ్ళీ వెళ్ళలేదు.

*

పన్నెండో రోజున డాక్టర్ హైమవతి ఫోన్ చేసింది. ఖాళీ అయిన రెండు మంచాలకూ కొత్తవాళ్ళు దొరికారు. ఒకాయనకు అరవై రెండే. జబ్బు ఇంకా మొదట్లోనే ఉంది. మెదడు చాలా గట్టిది. ఈసారి ఒక్కరి మీదే బరువు పడకుండా పట్టీలు మార్చారు.

"మీ చిన్నమ్మగారిలో ఎక్కడైనా అడుగూబొడుగూ మిగిలి ఉంటే, పట్టుకోవచ్చు. ఒట్టు పెట్టి చెప్పలేను. కానీ కొంచెం అవకాశం ఉంది."

"ఆయన పేరేంది మేడం?"

"ఎవరిది?"

"అరవై రెండేండ్ల ఆయనది."

"మోహన్ కృష్ణ గారు. ఎందుకు?"

"ఊరికే" అంది సుభాషిణి. "రేపొచ్చి మా చిన్నమ్మను తీస్కపోత మేడం. మిగతావాళ్ళను సంతకాలు అడగండి" అంది.

"సంతకాలు అక్కర్లేదమ్మా" అంది డాక్టర్. "ఆవిడలో ఇంక ఎవరివీ ఏమీ లేవు. పసుపు కూడా పోయింది."

మర్నాడు సుభాషిణి ల్యాబ్‌లో ఏడాది సెలవు చీటీ ఇచ్చి వెళ్ళింది. ఏడాది తర్వాత ఏమిటని ఎవరో అడిగారు. తెలియదంది. 'నెమరు' వాళ్ళు చిన్నమ్మ బట్టలు, మందుల సంచి, దువ్వెన ఒక కవరులో పెట్టి ఇచ్చారు. చిన్నమ్మ పక్కనే నిలబడి, ఎవరు ఎటు నడవమంటే అటు నడిచింది. ఆమె మాట మళ్ళీ పాత యాసలోకి వచ్చింది. అయితే అందులో మనుషులెవరూ లేరు.

డ్రైవర్ లేని క్యాబ్ గేటు ముందు ఆగింది. సుభాషిణి ఆమెను లోపల కూర్చోబెట్టి బెల్టు పెట్టింది. క్యాబ్ వికారాబాద్ రోడ్డు దాటి ఊళ్ళోకి వచ్చింది. లంగర్‌హౌజ్ దగ్గర ట్రాఫిక్‌లో ఆగిపోయింది. బయట ఎండ, హారన్లు, పుచ్చకాయల బండ్లు. చిన్నమ్మ అన్నిటినీ మొదటిసారి చూస్తున్నట్టు చూస్తోంది. తర్వాత పక్కన కూర్చున్న ఈ యాభై ఏళ్ళ ఆడమనిషి వైపు తిరిగింది.

"యాడికి పోతున్నం బిడ్డా?"

"మా ఇంటికి."

"మీ ఇంట్ల ఎవరెవరుంటరు?"

"నేనొక్కదాన్నే."

"అయ్యో. పెద్దోళ్ళెవరు లేరా?"

సుభాషిణి ఆమె బెల్టు సరిచేసింది. "మా చిన్నమ్మ ఉండె. ఆమెనే పెంచింది నన్ను."

"పోయిందా పాపం?"

క్యాబ్ రెండడుగులు కదిలి మళ్ళీ ఆగింది. సుభాషిణి అవునని తల ఊపింది. చిన్నమ్మ చెయ్యి చాపి, పరాయి మనిషిని ఓదార్చినట్టు, ఆమె మోకాలి మీద తట్టింది.

"ఆఖరికి మంచిగ చూసుకున్నవా ఆమెను?"

సుభాషిణి నోరు తెరిచింది. చిన్నమ్మ ఓపిగ్గా ఆమె మొహం వైపే చూస్తూ, జవాబు కోసం ఎదురుచూసింది. కాసేపటికి తను ఏం అడిగిందో మరిచిపోయి, కిటికీ వైపు తిరిగింది.